వెచ్చబడ్డ టెస్ట్ ట్యూబ్

"రాకెట్ శాస్త్రవేత్త స్కూల్ ల్యాబ్‌లో అడుగుపెట్టగానే పేల్చెయ్యాలని విదేశీ ముఠా ప్లాన్. రెండు బెంచీలున్నాయి. ఒకదాని కింద బాంబు, రెండోదాని కింద ఉత్తుత్తి పెట్టె. ఉత్తుత్తిది ముట్టుకున్నావో, రిమోట్ ఉన్నవాడికి సిగ్నల్ వెళ్తుంది. పిల్లల్ని బయటికి పంపినా నొక్కేస్తాడు" అన్నాడు చీఫ్.

"ఏది ఏదో చెప్పేదెవరు సార్?"

"ముఠాలో ఉన్న మన డబుల్ ఏజెంట్. ఆ స్కూల్లో కెమిస్ట్రీ మేడమ్‌గా ఉంది. రిమోట్ ఉన్నవాడు అక్కడే ఉంటాడు కాబట్టి నోరు విప్పి చెప్పలేదు. బెంచీకో ప్రయోగం చేస్తుంది. రసాయన మార్పు జరిగిన బెంచీ కిందే బాంబు."

ఆ పని మీద వెళ్ళాల్సిన సీక్రెట్ ఏజెంట్ తల గోక్కున్నాడు. ముఠాలెన్నింటినో మట్టికరిపించిన మనిషే, కానీ కెమిస్ట్రీలో ఫెయిల్.

స్కూల్ ఇన్‌స్పెక్టర్ వేషంలో ల్యాబ్‌లోకి వెళ్ళేసరికి అతికించిన మీసం ఒకటే దురద. గ్యాస్ మెకానిక్ వేషంలో ఉన్న ముఠా మనిషి జేబులోంచి చెయ్యి తియ్యడం లేదు. మేడమ్‌ని చూశాక ఏజెంట్‌కి, అంత కంగారులోనూ, ఒక్క క్షణం డ్యూటీ గుర్తురాలేదు.

ఆమె మొదటి బెంచీ దగ్గర నల్లటి అయొడిన్ పలుకులు వేడిచేసింది. గుప్పున ఊదారంగు పొగ! పిల్లలు "అబ్బో!" అని అరిచారు. రెండో బెంచీ దగ్గర నీళ్ళలాంటి రెండు ద్రవాలు కలిపింది. రంగు మారలేదు, బుడగైనా రాలేదు.

ఇంకేం, మొదటిదే! ఏజెంట్ పెన్ను జారవిడిచి వంగబోయాడు. అంతలో చిన్నప్పుడు ట్యూషన్ చెప్పిన అక్క మొట్టికాయ గుర్తొచ్చింది. "రంగు చూసి ఎగరకురా వెధవా! కొత్త పదార్థం పుట్టిందో లేదో చూడు!"

తలెత్తాడు. పొగ చల్లబడి గాజుమూతకి మళ్ళీ అవే నల్లటి పలుకులై అంటుకుంది. కొత్తదేం లేదు. అంటే ఉత్తుత్తి పెట్టె ఇక్కడే! బయట శాస్త్రవేత్త కారు హారన్ మోగింది.

"ఇదీ పట్టుకు చూడండి సార్. మంట పెట్టలేదులెండి" అంటూ మేడమ్ రెండో బెంచీ మీది టెస్ట్ ట్యూబ్ అందించింది.

వెచ్చగా ఉంది! మంట లేకుండా వేడెక్కడిది? లోపల ఏదో కొత్తది పుట్టినట్టే!

పెన్ను మళ్ళీ జారింది, ఈసారి రెండో బెంచీ కింద. పెన్నులో దాచిన బుల్లి కత్తెరతో బాంబు వైరు తెంపాడు. మెకానిక్‌కి అనుమానమొచ్చి రిమోట్ నొక్కాడు. ఏమీ కాలేదు. వాడు మళ్ళీ నొక్కేలోగా ఏజెంట్ వాడి మణికట్టు మెలిపెట్టాడు.

పిల్లలంతా క్షేమంగా బయటికెళ్ళాక మీసం పీకేసి, "మేడమ్, మిమ్మల్ని చూడగానే మనసు మంచుగడ్డలా కరిగిపోయింది" అన్నాడు.

"కరగడం భౌతిక మార్పేనండీ. ఫ్రిజ్‌లో పెట్టండి, మళ్ళీ గడ్డకడుతుంది" అంది ఆమె టెస్ట్ ట్యూబ్ కడుగుతూ.