పిల్లర్ మీద బుడగ

మిట్టమధ్యాహ్నమే అయినా ఆ సెల్లార్‌లో బల్బు వెయ్యనిదే పని సాగదు. ఆ పసుపు వెలుగులో జిగురు మేస్త్రి ఒక్కడే నిలబడి పిల్లర్‌కి జిగురులో తడిపిన గుడ్డ చుడుతున్నాడు. జిగురు మేస్త్రి అని పేరు పెట్టింది వాళ్లక్కే. భూకంపం వస్తే కూలకుండా పాత భవనాల పిల్లర్లకు కార్బన్ గుడ్డ అతికించడం అతని పని. "చేతులకి జిగురు లేకుండా అన్నానికి ఎప్పుడైనా కూర్చున్నావురా?" అని ఏడిపించి ఏడిపించి, చివరికి అందరి నోటా ఆ పేరే ఖాయం చేసింది.

ఆ అక్కే ఇప్పుడు మూడో అంతస్తులో, సరిగ్గా ఈ పిల్లర్ మీది గదిలో, ఆక్సిజన్ గొట్టం పెట్టుకుని పడుకుని ఉంది. మెట్ల మీంచి మోసుకొస్తే దారిలోనే ప్రాణం పోతుందని డాక్టరు తెగేసి చెప్పాడు. మొన్నటి భూకంపానికి పిల్లర్ నిలువునా చీలింది. మిగతా కాపురాలన్నీ ప్రాణాలు అరచేత పట్టుకుని మైదానంలోకి పరుగెత్తాయి. నేల ఇంకా ఉండుండి కదులుతూనే ఉంది. పగులు పూడ్చడం నిన్న అయింది. ఇవాళ గుడ్డ బిగిస్తేనే ఆ పిల్లర్ నిలుస్తుంది, అది నిలిస్తేనే అక్క ఉంటుంది. చేతిలో ఉన్నది ఒక్క చుట్ట గుడ్డ, కలిపేసిన, కాసేపట్లో గట్టిపడిపోయే ఒక్క డబ్బా జిగురు. కొట్లన్నీ మూతపడ్డాయి.

పైన అక్క పక్కనే ఉన్న బావ, స్టూలు మీది ఫోన్లోంచి పలికాడు. "ఏరా, ఎంతవరకు వచ్చింది?"

"అయిపోవచ్చింది బావా. అక్కెలా ఉంది?"

"నిన్నే తిడుతోంది. అంటే బానే ఉన్నట్టు."

"ఆ జిగురు చేతులతో... నా మంచం... ముట్టుకోకు," అంది అక్క. మాట మాటకీ మధ్య ఊపిరి వెతుక్కుంటోంది. మేస్త్రి నవ్వబోయాడు గానీ కళ్లలో నీళ్లు తిరిగాయి.

గుడ్డ చుట్టడం అయింది. రోలర్‌తో ఒత్తుతూ వస్తుంటే ఛాతీ ఎత్తున ఒక గాలి బుడగ కనిపించింది. అరచేతి వెడల్పున ఉంది. గాలి మిగిలిన చోట గుడ్డ అంటుకోదు, అంటుకోని చోట పిల్లర్ మళ్లీ విచ్చుకుంటుంది. రోలర్ పెట్టి గట్టిగా ఒత్తాడు. బుడగ అణిగింది.

ఫోన్లో అక్క గిలగిలలాడిన చప్పుడు.

"బావా, ఏమైంది?"

"ఏమోరా, ఒక్కసారిగా ఊపిరి ఆడలేదు. ఆఁ... సర్దుకుంది."

తిరిగి చూస్తే బుడగ మళ్లీ లేచి ఉంది. ఈసారి మెల్లగా ఒత్తాడు.

"ఎవరో... గుండెల మీద... చెయ్యి..."

చటుక్కున రోలర్ తీసేశాడు. బుడగ పొంగింది. దానంతటదే అణిగింది. మళ్లీ పొంగింది. ఫోన్లో అక్క ఊపిరి ఎలా వస్తోందో, అలాగే. జిగురు ఘాటులోంచి ఇంకేదో వాసన వస్తోంది, ఏళ్ల తరబడి మూసిన గది తలుపు తీసినట్టు.

పోనీ, బుడగ అలాగే ఉండనీ అనుకున్నాడు. పిల్లర్ సంగతి తర్వాత చూసుకోవచ్చు. అక్క ఊపిరి ఆడితే చాలు.

అప్పుడు గుడ్డ మీద చెయ్యి వేసి చూశాడు. వేడెక్కుతోంది. జిగురు గట్టిపడుతోంది...

బుడగ పొంగడం మందగించింది. కష్టంగా లేస్తోంది. ఫోన్లో ఊపిరీ అంతే. ఒకటి... చాలాసేపటికి ఇంకొకటి...

"ఒరేయ్," బావ కేకపెట్టాడు. "కళ్లు తేలేస్తోందిరా."

కాళ్ల కింద నేల సన్నగా అదిరింది. కప్పు మీంచి సున్నం రాలింది. గుడ్డ ఉంటే ఇల్లు నిలుస్తుంది, అక్క ఉండదు. గుడ్డ తీసేస్తే... ఆలోచించే ఓపిక లేదు. "దేవుడా, దేవుడా" అని గొణుక్కుంటూ కత్తి తీసి బుడగ పక్కనే కోశాడు. రెండు చేతులా పట్టి లాగాడు. సగం గట్టిపడిన గుడ్డతో పాటు వేళ్ల మీది చర్మమూ లేచొచ్చింది. లాగుతూనే ఉన్నాడు. ఆఖరి ముక్క ఊడింది.

పిల్లర్‌లోంచి చల్లగాలి మొహానికి తగిలింది. పక్కనుంచి పోయింది. మెట్ల వైపు.

"బావా?"

మేస్త్రి ఫోన్ మీదికి వంగాడు.

"బావా... అక్కెలా ఉంది?"

"లేచి కూర్చుంది," బావ గుసగుసగా అన్నాడు. "గొట్టం తనే తీసేసింది."

మేస్త్రి అక్కడే కూలబడి భోరుమన్నాడు. బతికింది. ఇల్లు ఏమైతే అయింది, అక్క బతికింది.

"నువ్వొకసారి పైకి రా," అన్నాడు బావ, ఇంకా గొంతు తగ్గించి. "తొందరగా రా."

ఇంతలో అక్క అందుకుంది. "రారా తమ్ముడూ ఆ చీకట్లో ఎంతసేపని ఉంటావు ఎంత ఇరుకో నాకు తెలుసు ఏళ్ల తరబడి ఎంత పిలిచినా ఎవరికీ వినపడలేదు పైన గాలి ఎంత బావుందో వచ్చి చూడు మీ బావ ఎందుకో గోడకి అతుక్కుపోయి నిలబడ్డాడు నువ్వైనా వచ్చి చెప్పు..."

గొంతు అక్కదే. మాట్లాడుతూనే ఉంది. మధ్యలో ఒక్కసారి కూడా ఊపిరి తీసుకోలేదు.