రుద్దని అతుకు

సుక్కమ్మ ఇంట్లో తెల్లారిందని చెప్పేది ఇనుము రుద్దే గ్రైండర్ మోతే. మేడ్చల్ రోడ్డు పక్కన వాళ్ళ ఇల్లూ, వెల్డింగ్ షెడ్డూ ఒకే గోడను ఆనుకుని ఉంటాయి. ఆ రోజు మాత్రం ఎంతకీ మోత వినిపించలేదు. చాయ్ గ్లాసులు పట్టుకుని కుంటుకుంటూ వెళ్ళి చూస్తే, భర్త సిద్దిరాములు, కూతురు పద్మలత ఎదురెదురుగా నిలబడి ఉన్నారు. మధ్యలో ఫణిభూషణ్ గారి జీపు.

ఫణిభూషణ్ శామీర్‌పేట దగ్గర కొత్త కాలనీలో ఉండే ఉద్యోగి. సెలవు దొరికితే చాలు, జీపును బురదలో దింపి మళ్ళీ బయటికి తీయడం ఆయన సరదా. ఎందుకని అడగకూడదు, ఎవరి పిచ్చి వారికి ఆనందం. ప్లాస్టిక్ బంపర్ తీసేసి వెనక ఇనుప బంపర్ పెట్టమని, దిగబడ్డ బండ్లను లాగడానికి దానికి రెండు హుక్కులు కావాలని అడిగాడు. తండ్రి చుట్టాల పెళ్ళికి వెళ్ళిన మూడు రోజుల్లో పద్మలత ఆ పని ముగించేసింది.

"మన షెడ్ల హుక్కుల పని వద్దని చెప్పిన్నా, లేదా?" సిద్దిరాములు గొంతు పెంచకుండానే అడిగాడు.

"చెప్పినవ్ బాపు."

"మరెందుకు జేసినవ్?"

"నువ్వు నేర్పిన పనే గద. ఒక్కపారి కిందికెళ్ళి సూడు."

ఆయన చూడలేదు. కటింగ్ మిషన్ చేతిలోకి తీసుకున్నాడు. "గా సారు వచ్చేలోపు కోసేస్త. ప్లాస్టిక్‌దే మళ్ళ పెట్టి పంపుదాం."

ఎనిమిదేళ్ళ కిందట ఆయన ఒక జీపుకు ఇలాంటి హుక్కే అతికాడు. వెల్డింగ్ అతుకు గరుగ్గా ఉంటే బండి యజమానికి నచ్చదని, చెయ్యి పెడితే జారేంత నున్నగా రుద్దాడు. చూసినవాళ్ళందరూ మెచ్చుకున్నారు. నాలుగో రోజు ఇంటి ముందు దిగబడ్డ ఇటుకల బండిని లాగుతుంటే, రుద్ది రుద్ది పలచబడిన ఆ అతుకు తెగింది. హుక్కు ఎగిరొచ్చి, చాయ్ తెస్తున్న సుక్కమ్మ మోకాలికి తగిలింది. ఆ తర్వాత ఆయన గేట్లు, కిటికీలతోనే సరిపెట్టుకున్నాడు.

"అది కోస్తే నేనిగ షెడ్ల అడుగు వెట్ట. సూరారంల ఏదన్న కంపెనీల పని జూసుకుంట," అంది పద్మలత. "నా చేతి మీద నమ్మకం లేదా బాపు?"

"నీ చేతి మీద గాదు బిడ్డా. నా చేతి మీదనే లేదు. నీకు నేర్పింది గీ చెయ్యే గద."

సుక్కమ్మ గ్లాసులు బల్ల మీద పెట్టింది.

"దెబ్బ తాకింది నాకు. ఎనిమిదేండ్ల సంది భయం నువ్వు మోస్తున్నవ్. నేనెన్నడన్న నిన్నొక మాటన్ననా? పిల్ల సూడమంటాంది, సూడు. మంచిగ లేకుంటే కొయ్యి. నేనడ్డం రాను."

ఆయన కాసేపు ఆమె కాలు వైపే చూశాడు. తర్వాత మిషన్ పక్కన పెట్టి, టార్చి పట్టుకుని జీపు కిందికి దూరాడు.

హుక్కులు బంపర్‌కు అతికి లేవు. బంపర్ వెనక నుంచి మందపాటి ఇనుప పట్టీలు జీపు అడుగు చట్రం, ఛాసిస్ దాకా వెళ్ళాయి, పెద్ద బోల్టులు బిగించి ఉన్నాయి. హుక్కును పట్టీకి అతికిన చోట బొటనవేలితో తడిమితే మురుకులా గరుగ్గా తగిలింది.

"రుద్దలేదేంది?" కింది నుంచే అడిగాడు.

"రుద్దితే బలం పోతది. అమ్మ కాలు జూసి నేర్సుకున్న."

బయటికి వచ్చినప్పుడు ఆయన కళ్ళు ఎర్రగా ఉన్నాయి. ఇనుప రజను పడిందన్నాడు. ఇద్దరూ నమ్మినట్టే ఊరుకున్నారు.

పదింటికి ఫణిభూషణ్ వచ్చాడు. రాత్రి వానకు షెడ్డు వెనక మట్టిరోడ్డులో బాలరాజు ట్రాలీ ఆటో గడ్డిమోపులతో సహా దిగబడి ఉంది. హుక్కు బిగించినవాళ్ళే మొదటిసారి లాగాలన్నది ఆ షెడ్డు పాత పద్ధతి. పద్మలత జీపెక్కింది. సిద్దిరాములు జీపు హుక్కుకూ ట్రాలీకీ తాడు కట్టి, గోనెసంచి తడిపి తెచ్చి దాని మీద వేశాడు.

"సంచి ఎందుకండీ?" ఫణిభూషణ్ అడిగాడు.

"తాడు తెగితే మీదికి లేవకుండ సార్. అందరు దూరం జరుగుండ్రి."

జీపు ముందుకు కదిలింది. తాడు బిగిసింది. సుక్కమ్మకు ముందేమీ కనిపించలేదు. భర్త రెండు చేతులూ చాపి ఆమెకు అడ్డంగా నిలబడ్డాడు. ఆ వీపు వెనక నిలబడితే, ఎనిమిదేళ్ళుగా ఆయన ఏం మోస్తున్నాడో ఆమెకు మొదటిసారి పూర్తిగా తెలిసింది. మెల్లగా ఆయన భుజం మీద చెయ్యి వేసింది.

చక్రాలు రెండుసార్లు తిరిగి, ట్రాలీ మెల్లగా గట్టు మీదికి వచ్చేసింది. బాలరాజు చేతులు జోడించాడు. సిద్దిరాములు మాత్రం నేరుగా జీపు వెనక్కి వెళ్ళి, కిందికి దూరి అతుకు తడిమాడు. ఎక్కడా వెంట్రుకవాసి పగులు లేదు. గుండెల నిండా గాలి పీల్చుకుని అక్కడే బురదలో కూర్చుండిపోయాడు.

ఫణిభూషణ్ కూడా వంగి చూశాడు. "పని గట్టిగానే ఉందండీ. ఈ అతుకు కొంచెం నున్నగా రుద్దితే ఇంకా అందంగా ఉంటుందేమో."

"రుద్దం సార్," అన్నాడు సిద్దిరాములు. "మా బిడ్డ పని గట్లనే ఉంటది."

జీపులో ఉన్న పద్మలత స్టీరింగ్ మీద తల వాల్చి ఏడ్చింది. సుక్కమ్మ చల్లారిన చాయ్ మళ్ళీ వెచ్చబెట్టడానికి లోపలికి నడిచింది.