పన్నెండు ఫిల్టర్లు, ఒక మంకీ క్యాప్

"ఆ మంచినీళ్ళ ఫిల్టర్లు ముందే గడ్డకట్టి కొండెక్కాయో, ఎనిమిది మందీ ప్రాణాలతో దిగరు జెఫ్రీ," అన్నాడు చీఫ్ ప్రశాంత్ ఫోన్‌లో.

ఏజెంట్ జెఫ్రీ ఫోన్‌ని చెవికి అదుముకున్నాడు. సరిహద్దు కొండల్లో నిఘా వేసిన ఆ ఎనిమిది మందిలో ఒకడు అతని తమ్ముడు విల్‌ఫ్రెడ్.

"వాటిమీద విదేశీ ముఠా కన్నేసింది. టెస్టింగ్‌లో తడిసిన ఫిల్టర్లవి. ఒక్కసారి గడ్డకడితే లోపలి సన్నటి గొట్టాలు చిట్లుతాయి. పైకి గీత కూడా కనపడదు, రోగాల నీళ్ళు మాత్రం తిన్నగా కడుపులోకి. ఈ పన్నెండు తప్ప వేరే లేవు. మూడుంబావు బండికి ఖరగ్‌పూర్‌లో ఎక్కుతాయి. కాపలాకి మన ఏంజలిన్ ఉంది."

టైమ్ రెండు యాభై. ప్లాట్‌ఫాం మీద ఝాల్‌మురీ, అదే కారం మరమరాలు, అమ్మేవాడి వేషంలో ఉన్నాడు జెఫ్రీ. నెత్తిన మంకీ క్యాప్ మాత్రం వేషం కాదు, తల్లి స్వర్ణకుమారి బలవంతం. ఇరవై డిగ్రీలకే వణికే ఊరు మరి.

నల్లకళ్ళద్దాలు, ఎర్రకోటు, సెంటు ఘుమఘుమ. ఏంజలిన్ వచ్చింది.

"కొబ్బరిముక్క వేస్తావా దాదా?"

"అయిపోయింది దీదీ. ఉల్లి ఉంది." కోడ్ కలిసింది.

"పార్శిల్ భద్రం. ఇంటికి పో. నేనూ మన ఖరగ్‌పూర్ తెలుగోళ్ళ పేట, ఓల్డ్ సెటిల్‌మెంట్ పిల్లనే, నన్ను నమ్మవేటి?"

నమ్మేవాడే. కానీ మురీ పొట్లం అందుకున్న ఆమె చేతులు చూశాడు. తోలు గ్లవ్స్! ఓల్డ్ సెటిల్‌మెంట్‌లో పుట్టినవాళ్ళు చలి అనగానే ముందు చెవులు మూస్తారు. ఈమె చెవులకు జూకాలు ఊగుతున్నాయి. అంటే గ్లవ్స్ చలికి కాదు, చేతులు కాల్చే చల్లటిదేదో పట్టుకోవడానికి. డ్రై ఐస్! ముఠాకి అమ్ముడుపోయింది ఈమే!

అతని చూపు పసిగట్టిన ఆమె చెయ్యి హ్యాండ్‌బ్యాగ్‌లోని పిస్టల్ మీదికి పోయేలోగా కారం డబ్బా ఆమె ముఖాన కొట్టాడు. అతని కేకకి రైల్వే పోలీసులు ఆమె మీద పడ్డారు. జెఫ్రీ పార్శిల్ ఆఫీసుకి పరుగు తీశాడు.

"మేడమే సెప్పినాది, మందులు, సల్లగా ఉంచాలని," నసిగాడు క్లర్కు సమూయేలు. "ఇందాకే ఆమె ఇచ్చిన పొగల ఐసులో పెట్టినాను బాబూ."

మూత లేపితే తెల్లటి పొగ. పెన్ థర్మామీటర్ గుచ్చాడు. ఒక డిగ్రీ. సున్నా పాయింట్ ఆరు. ఇంకా దిగుతోంది. ఆలస్యమైపోయిందా? దేవుడా, తమ్ముడికి ఇరవై రెండేళ్ళే!

మొదటి ఫిల్టర్ బయటికి లాగి నోట పెట్టి ఊదాడు. తడి ఫిల్టర్‌లోంచి గాలి దూరితే చిట్లినట్టే. బుగ్గలు పగిలేలా ఊదాడు. దూరలేదు! రెండు, మూడు... కళ్ళమ్మట నీళ్ళు కారుతున్నాయి. పన్నెండోది ఊదుతుండగా గార్డు ఈల వేశాడు.

అదీ బాగానే ఉంది. ఆరింటిని చొక్కాలో దోపుకుని, ఆరింటిని మంకీ క్యాప్‌లో చుట్టి, కదిలే బండి ఎక్కేశాడు.

"చీఫ్, సేఫ్. కొండమీద పగలు ఒంటికి ఆనించి, రాత్రి స్లీపింగ్ బ్యాగ్‌లో పెట్టుకుని పడుకోమనండి."

వెంటనే తల్లి ఫోన్.

"సెవులు కప్పుకున్నావేటిరా?"

"టోపీ తమ్ముడి ఫిల్టర్లకి కప్పినానమ్మా."

"అవి తుమ్ముతాయేటి? ముందు నీ సెవులు కప్పుకో!"

జెఫ్రీ తుమ్మాడు.