ఒక గాడి దగ్గరికి

“మీ ఎడమకాలు కుడికాలి కంటే కాస్త పొట్టి కదండీ?”

ముక్కూ మొహమూ తెలియని మనిషి తనతో అన్న మొట్టమొదటి మాట అది. పళ్ళ డాక్టరుకి అరికాలి మంట నెత్తికెక్కింది. సముద్రంలో తెడ్డేసి నడిపే కయాక్ పడవ కొందామని కొట్టుకి వచ్చి, తన వృత్తీ ప్రయాణం సంగతీ చెప్పుకుంటే, ఎర్రటి పడవ ఒకటి నేల మీద పెట్టి, అందులో కూర్చోబెట్టి, ఈ పరామర్శ! చిన్నప్పుడు సైకిలు మీంచి పడి విరిగిన కాలది. ఆ సంగతి అమ్మకీ, తనకీ, ప్యాంట్లు కుట్టే టైలరుకీ తప్ప ఎవరికీ తెలియదు.

“మీ ముందుపన్ను వంకర. నేనేమన్నా అన్నానా?” అంది.

అతను చటుక్కున నోరు మూశాడు. మరుక్షణం నవ్వేశాడు, ఆ వంకరపన్నుతో సహా.

“తప్పుగా అనుకోకండి డాక్టర్ గారూ. పాదాలు రెండూ సమంగా ఆనకపోతే గంటలో నడుం పట్టేస్తుంది.” మోకాళ్ళ మీద కూర్చుని, పడవలోకి చెయ్యి పెట్టి, ఎడమ ఫుట్‌రెస్టుని ఒక గాడి ఆమె వైపు జరిపాడు. “ఇప్పుడు?”

హాయిగా ఉంది. ఒప్పుకోవడానికే మనసు రాలేదు.

“పర్లేదు. ఇదే ఇచ్చేయండి.”

“ఇది పనికిరాదండీ.”

“అమ్మేవాళ్ళే పనికిరాదంటే ఎలా?”

“చెరువుకైతే చాలు. సముద్రంలో పక్కగాలి కొడితే ముక్కు తిప్పేసుకుంటుంది. తిన్నగా పోవాలంటే కింద దించే రెక్క ఉండాలి. సామాను పెట్టుకునే అరల్లోకి చుక్క నీరు దిగకూడదు. మీరు వెళ్ళేది ఆరు రోజులంటున్నారు.”

ఆరు రోజులే. నలుగురు స్నేహితురాళ్ళు తీరం వెంట దీవి నుంచి దీవికి వెళ్ళాలని మూడేళ్ళుగా అనుకుంటున్నారు. మిగతా ముగ్గురికీ పడవలున్నాయి. ఇంక అయిదు వారాలే ఉంది. ఈలోగా పడవ కుదరకపోతే వాళ్ళు వెళతారు, ఈవిడ క్లినిక్‌లో పళ్ళు పీక్కుంటూ కూర్చుంటుంది.

కౌంటరు దగ్గర కళ్ళజోడు తుడుచుకుంటున్న పెద్దావిడ కల్పించుకుంది. అతని పెద్దమ్మ, కొట్టు ఆవిడదే. “నీళ్ళ మీద గంట నడిపి చూడనిదే మేం పడవ అమ్మం తల్లీ. వచ్చే ఆదివారం రా.”

రెండో ఆదివారం నీలం పడవ. అతను తన పడవలో పక్కనే వచ్చాడు. వాన తుంపర, ఎడతెగని కబుర్లు. తెడ్డు వేస్తూ అతను పాడిన పాటకి రాగం లేదు, తాళం లేదు, సిగ్గు అసలే లేదు. పడవ మాత్రం చెప్పినట్టు విన్నది.

“ఇది బాగానే ఉందండీ. తీసుకోవచ్చు,” అన్నాడు అతను, అదేదో చెడ్డ కబురైనట్టు.

సరే అందామనే నోరు తెరిచింది. “నడుం నొప్పిగా ఉంది,” అనే మాట ఎక్కణ్ణించి ఊడిపడిందో ఆమెకే తెలియదు.

మూడోవారం ఇంకో పడవ అరలో అతను వార్తాపత్రిక పెట్టి, మూత వేసి, వానలో వదిలాడు. తీసి చూస్తే ఓ మూల తడిసింది. “వద్దు.” నాలుగోవారం పడవ వెడల్పు ఎక్కువై మోకాళ్ళకి పట్టు దొరకలేదు. “ఇదీ వద్దు.” ఆమె అతనికి వంకల రాయుడని పేరు పెట్టింది. క్లినిక్‌లో ఆ పేరు తలుచుకుని ఒక్కర్తే నవ్వుకుంటుంటే, నోరు తెరుచుకుని కూర్చున్న పేషెంట్లు హడలిపోయేవారు.

అయిదో ఆదివారానికి నవ్వు ఆగిపోయింది. ప్రయాణం శనివారం. నీలం పడవ ఈలోగా ఎవరో కొనుక్కుపోయారు, చేతిలో పడవ లేదు. జోరువానలో గొడుగు విదిలించుకుంటూ లోపలికొచ్చేసరికి అతను లేడు, రేవు దగ్గర ఎవరి పడవో కడుతున్నాడట.

“నీకు కావలసింది ఆ మూలనుంది. పైన కప్పిన గుడ్డ తీసి కూర్చో,” అంది పెద్దమ్మ.

“అమ్మకానికి కాదని రాసుంది కదండీ?”

“రాసింది వాడు. కొట్టు నాది.”

గుడ్డ కింద తెల్లటి పడవ, సన్నగా, పొడుగ్గా. ఆమె లోపలికి జారింది. మోకాళ్ళు పట్టులో ఒదిగాయి. పాదాలు చాపింది. రెండూ ఒక్కసారే ఆనాయి.

ఆమెకి అనుమానం వచ్చింది. వంగి తడిమి చూసింది. ఎడమ ఫుట్‌రెస్టు ఒక గాడి ఇవతలికి ఉంది.

సరిగ్గా అప్పుడే అతను తడిసి ముద్దై గుమ్మంలోకొచ్చాడు. “నేనేం చెయ్యలేదు!” అన్నాడు, ఎవరూ అడక్కుండానే. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టుంది వ్యవహారం.

“ఇదెవరి పడవ?”

“నాదే. నా కోసమని దాచుకున్నా.”

“మీకూ ఎడమకాలు పొట్టేనా?”

అతను నేల చూపులు చూశాడు. “మొదటి ఆదివారం మీరు వెళ్ళాక సరిచేసి పెట్టా. కొట్లో ఇంతకంటే మంచిది లేదండీ. ఇచ్చేస్తే మళ్ళీ రారని...”

“శనివారం దాటిపోతే? మూడేళ్ళుగా ఎదురుచూస్తున్న ప్రయాణం అది. మీకు ఆటగా ఉందా?” ఆమెకి నిజంగానే కోపం వచ్చింది.

“ఇవాళ ఎలాగైనా ఇచ్చేద్దామనే అనుకున్నా. ఒట్టు. తప్పు నాదే. మీరంటే ఇష్టమని చెప్పడానికి ధైర్యం చాలక, పడవలకి వంకలు పెట్టా.”

పెద్దమ్మ తుడిచిన కళ్ళజోడే మళ్ళీ తుడుస్తోంది.

ఆమె పడవలో పాదాలు ఇంకోసారి చాపి చూసుకుంది.

“రెండోవారం నాకు నడుం నొప్పేం లేదు,” అంది చివరికి. “రోజంతా వంగి పనిచేసేదాన్ని. నా నడుం ఇనుము.”

అర్థం కావడానికి అతనికి కాస్త టైం పట్టింది. అర్థమయ్యాక, దాచుకోవాలన్న ధ్యాస కూడా లేకుండా వంకరపన్ను బయటపడింది.

“వాన అని చూడకుండా గంట నడిపి రండి ఇద్దరూ,” అంది పెద్దమ్మ. “కొట్టు నియమం కొట్టు నియమమే.”

శనివారం ఆమె వెళ్ళింది. ఆరో రోజు సాయంత్రం నాలుగు పడవలు తీరం చేరేసరికి మోకాళ్ళ లోతు నీళ్ళలో అతను నిలబడి ఉన్నాడు, ప్యాంటు మడవడం కూడా మరిచిపోయి. ఒడ్డున పెద్దమ్మ, చేతిలో పొడి తువ్వాలు. తెల్ల పడవ ముక్కు నేరుగా వచ్చి అతని చేతుల్లో ఆగింది.

“అరల్లోకి నీళ్ళు దిగాయా?” అన్నాడు, ఏమనాలో తోచక.

“చుక్క దిగలేదు. మీరు నోరు తెరవండి.”

తెరిచాడు. ఆమె అతని గడ్డం పట్టుకుని, ముందుపన్నుని తీరిగ్గా పరీక్షించింది.

“దీనికి చాలా సిట్టింగులు పడతాయి. ప్రతి ఆదివారం రావాలి. ఎన్నేళ్ళో ఇప్పుడే చెప్పలేను.”

“ఒక్క పన్నుకా?” అంది ఒడ్డు మీంచి పెద్దమ్మ.

“ఒక్క పన్నుకేనండీ.”

“నిజంగా అంత వంకరగా ఉందా?” అన్నాడతను దిగులుగా.

“ఆ పన్నుకేం? లక్షణంగా ఉంది,” అంది ఆమె, గడ్డం మాత్రం వదలకుండా.