అరవై మిల్లీసెకన్ల అబద్ధం

"ఆ గొట్టం దేశం దాటకూడదు," అన్నాడు చీఫ్.

"మరి మా అక్క?"

చీఫ్ కిటికీ వైపు తిరిగాడు. ఏజెంట్ నైన్ కుర్చీలోంచి లేచాడు.

తారులాంటి ముడిచమురుకు ప్లాస్మా మెరుపు తగిలించి పలుచగా పారేలా చేసిన శాస్త్రవేత్త స్వయానా అతని అక్క. నాలుగేళ్ల కష్టానికి ఫలితం ఒక్క గాజు గొట్టంలోని నూనె. ఆమెను పొద్దునే విదేశీ ముఠా వ్యానులో ఎత్తుకుపోయింది. పథకం వేసింది 'నెమలి'. మూడేళ్లు ఇదే డిపార్ట్‌మెంట్‌లో పనిచేస్తూ తిన్నింటి వాసాలు లెక్కపెట్టిన అందగత్తె.

ఆమె షరతు ఒక్కటే. తన విమానానికి అందేలా పన్నెండులోపు ల్యాబులో, తన కళ్లెదుట, మాగ్నెటిక్ రెజొనెన్స్ యంత్రం మీద గొట్టాన్ని పరీక్షించి ఇవ్వాలి. అసలుదైతే ఫోనులో "వాన వెలిసింది" అంటుంది, అక్కను వదిలేస్తారు. "గొడుగు తెరవండి" అంటే చంపేస్తారు.

పదకొండున్నరకు అతను నెరిసిన మీసం అంటించుకుని, ఆపరేటర్ కోటు తొడుక్కుని యంత్రం ముందు కూర్చున్నాడు. అసలు గొట్టం మేజోడులో ఉంది. మామూలు ముడిచమురు గొట్టం ఫ్లాస్కులోని వేడినీళ్లలో ఉంది.

అక్క భోజనాల దగ్గర చెప్పిందే అతని చదువంతా. అయస్కాంతంలో పెట్టి కుదిపితే పలుచని నూనె ఎక్కువసేపు పలుకుతుంది, చిక్కనిది టక్కున నోరు మూస్తుంది. వేడి చేస్తే చిక్కనిదీ పలుచనవుతుంది. అందుకే గొట్టం పెట్టాక పది నిమిషాలాగి, నలభై డిగ్రీలకు కుదురుకున్నాకే రీడింగ్ తీయాలి. నెమలి ఆ పది నిమిషాలు ఆగితే అక్క లేనట్టే.

వరండాలో హీల్స్ చప్పుడు. ఫ్లాస్కులోంచి గొట్టాన్ని తీసి తుడిచాడు.

"పెట్టు," అంది నెమలి నల్లకళ్లద్దాలు తీస్తూ. పెట్టాడు. "పది నిమిషాలు ఆగాలంటారుగా?"

అతను మీసం నొక్కుకున్నాడు. "రూలు అదేనండి. విమానం మీది, మీ ఇష్టం."

ఆమె వాచీ చూసుకుంది. "తియ్యి."

అసలు నూనెకు అరవై మిల్లీసెకన్లు రావాలి. తెర మీద అరవై రెండు వచ్చింది. నెమలి ఫోను తీసింది. అంతలో ఏమనుకుందో, "ఇంకోసారి," అంది.

యాభై అయిదు.

"మళ్లీ."

నలభై ఎనిమిది. నూనె చల్లారిపోతోంది. చేతిలో ఇంకో ఎత్తు లేదు. చిన్నప్పుడు తనను చంకనేసుకు తిరిగిన అక్కను తన చేతులతోనే చంపుకుంటున్నాననుకున్నాడు. ఏడుపొచ్చింది.

"ఎందుకు తగ్గుతోంది?"

"విరిగిన అణువులు మళ్లీ అతుక్కుంటున్నాయండి," అన్నాడు విసుగ్గా. "ఐసులో పెట్టకపోతే గంటలో తారే. నాదేం పోయింది, చెప్పినపని చేసేవాణ్ని."

అది పచ్చి అబద్ధం. అక్క వింటే చెవి మెలేసేది.

"ముందే ఏడవొచ్చుగా. పెట్టెలో సర్దు."

గొట్టం వెచ్చదనం ఆమె చేతికి తగలకుండా అతనే ఐసులో కూరి మూతేశాడు. పన్నెండుకు నిమిషం ఉంది. పెట్టె అందుకుని నెమలి గుమ్మంలో ఆగింది, ఫోను చెవికి పెట్టుకుంది, వెనక్కి తిరిగి తెర మీది అంకెను ఇంకోసారి చూసింది.

"వాన వెలిసింది."

ల్యాబు వెనకగేటు దగ్గర వ్యాను తలుపు తెరుచుకుంది. అక్క తూలుతూ దిగింది. అతను పరుగున వెళ్లి పట్టుకుని చంటిపిల్లాడిలా ఏడ్చాడు. ఆమె అతని మీసం పీకేసి, "వెధవా, గొట్టమేది?" అంది. మేజోడులోంచి తీసి ఇచ్చాడు.

ఫోను మోగింది. "విమానం ఆపమంటారా?" అడిగాడు చీఫ్.

జరిగిందంతా విని అక్క ఫోను లాక్కుంది. "పోనివ్వండి సార్. వాళ్ల రోడ్లకూ గుంతలుంటాయిగా, పూడ్చుకుంటారు."