తీసేసినా తిరిగొచ్చే పేరు

"యోగేషప్పా... మేము లోపలికి వస్తాండాము. ఉలిక్కిపడొద్దు."

తలుపు మెల్లగా తట్టి ఈ మాట చెప్పి, వాచ్‌మన్ మారియప్ప కాసేపు చెవి ఒగ్గి నిలబడినాడు. ఆ తరువాతే తాళం తీసినాడు.

హోసూరులో ఆ ఫ్యాక్టరీ వెనక, పాత పెయింటు షెడ్డును ఆనుకొని ఉండే సర్వర్ రూముకు చీకటి పడితే ఎవరూ పోరు. ఆ సర్వర్లు చూసుకొనే యోగేష్ ఆడనే చనిపోయినాడు— కుర్చీలో కూర్చున్నవాడు కూర్చున్నట్టే. పెళ్ళి కూడా కాని పిల్లోడు. అప్పటి నుంచి వాచ్‌మన్లకు ఇదొక ఆచారమైపోయింది... పేరు పెట్టి పిలిచి, చెప్పి, లోపలికి పోవడం. చెప్పకుండా పోయిన ఏసీ మెకానిక్కు చలిజ్వరం పట్టుకొని, సొంతూరు ఊత్తంగరై పోయినోడు మళ్ళీ ఈ పక్కకే రాలేదంట.

యోగేష్ చోటులో కొత్తగా చేరి, మారియప్ప వెంట వచ్చిన చక్రి ఇవేమీ నమ్మేవాడు కాదు. ఆ రాత్రి దాకా.

"పోయినోడిని పర్మిషన్ అడిగేదేందన్నా?"

"నీకేమప్పా, పని చూసుకొని మత్తిగిరిలో ఇంటికి పోతావు. తెల్లార్లూ ఈడ ఉండేది నేను గదా."

కంపెనీ మెయిళ్ళన్నీ క్లౌడుకు, అంటే ఇంటర్నెట్లో ఉండే బయటి సర్వర్లకు, మారుతాండాయి. పనిచేసేవాళ్ళందరి పేర్లూ ఈ రూములో ఉండే సర్వర్లో ఉంటాయి. ఈ సర్వర్‌కూ ఆ క్లౌడుకూ ముడి వేసింది చక్రే. అరగంటకోసారి ఈడి పేర్లు ఆడికి పోతాయి, దాన్నే సింక్ అంటారు. ఈడ ఉంటే ఆడ ఉండాల, ఈడ లేకపోతే ఆడా ఉండకూడదు. అంతా కుదిరింది— ఒక్క పేరు తప్ప.

యోగేష్.

క్లౌడులో తీసినాడు, తిరిగి వచ్చింది. అది మామూలే. ఈడ పేరున్నంత కాలం ఆడ తీసినా వస్తానే ఉంటాది. అందుకని నిన్న ఈ సర్వర్లోనే తీసేసినాడు. పొద్దున్నకు మళ్ళీ ఉంది... దానికి మాత్రం అర్థం దొరకలేదు.

"రేపు బెంగళూరు నుంచి చెకింగుకు వస్తాండారు," అని సాయంత్రమే చెప్పిపోయినాడు మేనేజరు సుబ్రమణి. "పోయినోడి పేరు కనబడిందా, ఈ పని నీది కాదు. ఈ ఉద్యోగమూ నీది కాదు."

చక్రి కూర్చున్నాడు. పేరు తీసినాడు. అరగంట ఆగకుండా సింక్ తానే నడిపినాడు. క్లౌడులో చూస్తే... లేదు. పోయింది.

టీ తాగి వచ్చి, ఎందుకైనా మంచిదని ఇంకోసారి చూసినాడు.

యోగేష్.

పక్కన పచ్చ చుక్క. అంటే, ఇప్పుడు, ఈ నిమిషాన, ఆ పేరుతో ఎవరో లోపల ఉండారు.

"అన్నా..." చక్రి స్క్రీన్ వైపు వేలు చూపించినాడు. "వచ్చినాడు."

మారియప్ప చేతులు జోడించి గోడ వైపు తిరిగినాడు. "కోపం చేసుకోవద్దు యోగేషప్పా. వీడు కొత్తోడు..."

పేరు తిరిగి పెట్టే అధికారం ముగ్గురికే. ఒకడు తను. ఒకడు పోయినోడు. ఇంకొకరు తనూజ, వీళ్ళతోనే పనిచేసే పిల్ల. సాయంత్రమే కంపెనీ బస్సెక్కి పోయుంటాది. ఒక మనిషి గొంతు వింటే చాలుననిపించి ఆమెకు ఫోన్ కొట్టినాడు.

రింగు పోతాంది...

గోడకు అవతల మోగింది.

అవతల ఉండేది పగలంతా యోగేష్ కూర్చునే పాత గది. ఇద్దరూ ఒకరి చొక్కా ఒకరు పట్టుకొని పోయినారు. తలుపు సందులో నీలం వెలుగు. యోగేష్ కుర్చీ... ఆ కుర్చీలో యోగేష్ బూడిదరంగు స్వెటరు— దాని లోపల ఎవరో. మారియప్ప చేతిలో టార్చి కిందపడింది.

"నేనే చక్రన్నా."

తనూజ. ఏడ్చి ఏడ్చి మొహం ఉబ్బిపోయింది.

"నువ్వు తీసినప్పుడంతా కంప్యూటర్ చెత్తబుట్టలోంచి నేనే మళ్ళీ పెడతాండాను."

"నా ఉద్యోగం పోతాది. తెలుసా నీకు?"

"తెలుసన్నా."

తనూజ ఫోన్‌లో తన పేరుతో యోగేష్‌కు మెసేజి రాస్తుంది. ఈ కంప్యూటర్లో యోగేష్ పేరుతో తెరిచి తానే చూస్తుంది. అప్పుడు తన ఫోన్‌లో, మెసేజి కింద, చూసినాడని చిన్న గుర్తు పడుతుంది. ఆ గుర్తు కోసమే ఇదంతా.

"నేను ఇన్నాళ్ళూ వాకిట్లో నిలబడి పిలుస్తా ఉండింది నిన్నేనా తల్లీ," అన్నాడు మారియప్ప. ఎవరూ నవ్వలేదు.

"ఏం రాస్తావు వాడికి?"

"తిన్నావా అని. ఈడ చలిగా ఉంది అని. అట్లాంటివే."

తనూజే కీబోర్డు దగ్గరికి లాక్కుంది. పేరు తీసింది. మళ్ళీ తెచ్చుకోను వీలు లేకుండా చెత్తబుట్టలోంచి కూడా తీసేసింది. సింక్ నడిపింది. పచ్చ చుక్క ఆరిపోయింది. మెసేజుల పైన ఉండే పేరూ పోయి, ఆ చోటు తెల్లగా మిగిలింది.

చక్రి లిస్టు మళ్ళీ చూసినాడు. మళ్ళీ చూసినాడు. రావాలని చూస్తాండాడో, రాకూడదని చూస్తాండాడో వాడికే తెలియలేదు.

రాలేదు.

తనూజ స్వెటరు చేతులు లోపలికి లాక్కొని, ఆ తెల్లటి చోటు వైపే చూస్తా, పక్కన కూర్చున్నవాడికి చెప్పినట్టు అనింది—

"యోగేష్... నువ్వంటే నాకు ఇష్టం. నువ్వు ఉన్నన్నాళ్ళూ చెప్పలేకపోయినాను."