షెల్టర్‌కు వెళ్లాల్సిన లెన్స్

"రేపు పగలు రెండింటికి మందమర్రి ఓపెన్‌కాస్ట్ బొగ్గుబాయిల పద్దెనిమిదిమందిని సంపాలని ఎవడో లెక్కేసిండు సదానందం."

ఫోన్‌లో రాజయ్య. పైకి నిర్మల్‌లో కొయ్యబొమ్మల దుకాణదారు. లోపల ఇంటెలిజెన్స్ సెక్షన్ చీఫ్. కరీంనగర్ బస్టాండు ఎదుట అరబిక్ ట్రాన్స్‌లేషన్ షాపు నడిపే సదానందం ఆయన ఏజెంట్.

"ఎవలకు లాభం సార్?" ఏ కేసులోనైనా సదానందం మొదటి ప్రశ్న అదే.

"విదేశీ బొగ్గు అమ్మే ముఠాకు. ఇక్కడ బాయి మూతబడితె వాళ్ల ఓడలు కదుల్తయ్. వైడ్‌స్క్రీన్ సినిమా తీస్తమని పర్మిషన్ దెచ్చుకున్నరు. లోపల మన మనిషి ఉన్నది, కైనాత్. నీ దగ్గరికే వస్తది. కోడ్ అడుగు."

గంటలో ఆమె వచ్చింది. నల్ల కళ్లద్దాలు, ఖరీదైన అత్తరు. జిరాక్సు కోసం నిలబడ్డవాళ్లు పని మరిచిపోయి చూశారు.

"జగిత్యాల బస్సు పోయిందా మేడం?"

"పోలే. డ్రైవర్ చాయ్ తాగుతుండు."

కోడ్ సరిపోయింది. ఆమె ఒక లిస్టు బల్ల మీద పెట్టింది. వెడల్పు బొమ్మను సగానికి నొక్కి పట్టే అనామోర్ఫిక్ లెన్సులు రెండు, ఆస్పెక్ట్ రేషియో చార్ట్, మ్యాట్ బాక్స్, నొక్కిన బొమ్మను మళ్లీ సాగదీసి చూపే డీ-స్క్వీజ్ మానిటర్... అన్నీ సినిమా సామాన్లే.

"అన్నిటికీ అసలు అరబ్బీ కావాలె. ఇంగ్లీషు మాట ఒక్కటి మిగలొద్దు. లేబుళ్లు రాసి, రేపు పెట్టెలకు నువ్వే అంటించు."

"అరబ్ కెమెరామన్లు గూడ అనామోర్ఫిక్ అనే అంటరు మేడం."

"నీ పని రాసుడు. సలహా అడిగిన్నా నేను?"

ఆమె వెళ్లిపోయాక సదానందం కలం పట్టుకుని కూర్చున్నాడు. షార్జా స్టూడియోలో పదకొండేళ్లు లెన్స్ పెట్టెలు మోసిన మనిషి. అక్కడ లేబుల్ మీద అక్షరాలు అరబ్బీవి, మాటలు ఇంగ్లీషువి. కెమెరా పట్టిన ఏ అరబ్బుకూ ఈ తర్జుమా అక్కర్లేదు. అంటే రేపు పెట్టెలెత్తేవాడు అరబ్బీ చదవగలడు, సినిమావాడు మాత్రం కాడు. కైనాత్‌కు అరబ్బీ రాదు, సినిమా పనీ తెలియదు. సెట్ మీద ఒక్క పెట్టె ఎత్తి ఉంటే ఈ పొరపాటు చేసేది కాదు.

ప్రతి సామాను పక్కన అది చేరాల్సిన చోటు రాసి ఉంది. చార్ట్ ఫేస్ దగ్గరికి, అంటే బొగ్గు పేల్చే గట్టు మీదికి. కెమెరా ముందు చార్ట్ పెట్టడం మామూలే. కానీ రెండో నంబరు అనామోర్ఫిక్ లెన్స్ షెల్టర్‌కట! బ్లాస్టింగ్ వేళ కార్మికులు తలదాచుకునే కాంక్రీటు గది అది. కెమెరా లేనిచోట లెన్స్‌కు ఏం పని?

రాజయ్యకు ఫోన్ కొట్టాడు. "కైనాత్ అటు మనిషి సార్."

"ఆధారం?"

"సరుకు తెలువనోడి కోసం సరుకు పేర్లు రాయించుకుంటుంది."

"గదొక ఆధారమా? మూడేండ్లు ఆమెను నమ్మినం. బటన్ కెమెరా పెట్టుకొని పో. ఏదన్న పట్టుకుంటె అప్పుడు మాట్లాడు."

మర్నాడు గనిలో నల్ల పెట్టెలు వరుసగా ఉన్నాయి. అన్నీ ఒకే సైజు. పైన సుద్దతో నంబర్లు, ఆ నంబర్ల మీదే లేబుల్ పడాలి. సదానందం ఒక్కో పెట్టె ఎత్తి అంటించసాగాడు. అసలు లెన్స్ పెట్టె ముందు గాజు ఉన్న వైపు బరువుగా లాగుతుంది. రెండో నంబరు లెన్స్ పెట్టె ఎటూ లాగలేదు, చేతిలో ఇటుకలా నిలిచింది. లోపల బాంబే.

కైనాత్ చేయి హ్యాండ్‌బ్యాగులో ఉంది. అరిస్తే రిమోట్ నొక్కేస్తుంది.

"జల్దీ కానియ్," అంది ఆమె.

"అయిపోయింది మేడం." రెండో లెన్స్ లేబుల్‌నూ చార్ట్ లేబుల్‌నూ తారుమారు చేసి అంటించాడు.

జర్కిన్ తొడుక్కున్న ఓ పొడుగాటి విదేశీయుడు వేలుపెట్టి అరబ్బీ చదువుకుంటూ పెట్టెలెత్తాడు. ఒకటి షెల్టర్ బెంచీ కిందికి చేరింది. ఒకటి ఫేస్ దగ్గరికి పోయింది. మొదటి సైరన్ మోగింది.

షెల్టర్ ఖాళీగా కనిపిస్తే కైనాత్‌కు అనుమానమొచ్చి ముందే నొక్కుతుంది. బాంబు చేరిన ఫేస్ దగ్గర పేలుడు మందు పెట్టే ఇద్దరు షాట్‌ఫైరర్లు ఇంకా వైర్లు చూస్తున్నారు. అందుకే సదానందం ఎవరికీ ఏమీ చెప్పలేదు. తానే షెల్టర్‌లోకి వెళ్లి ఆ పెట్టె ఉన్న బెంచీ మీద కూర్చున్నాడు. ఇచ్చిన సరుకుకు అమ్మినవాడే పూచీ.

"ఏం మామా, సినిమాల జేరినవా?" పక్కనే అల్లుడు బాలమల్లు. గనిలో ఫిట్టర్. "హీరోయిన్ ఏది?"

"బయటున్నది. మనల్నే సూస్తుంది."

"అత్తకు చెప్పాల్నా?"

"ముందు రెండు దాటనియ్ అల్లుడా."

చేతి తూకం తప్పితే బిడ్డకు మొగుడూ తండ్రీ ఒకే గంటలో పోతారు. సదానందం అరచేతులు ప్యాంటుకు తుడుచుకున్నాడు. రెండో సైరన్. షాట్‌ఫైరర్లు పరుగెత్తుకొచ్చారు. పదిహేడు... పద్దెనిమిది. కిటికీ సందులోంచి గుట్ట మీద కైనాత్ కనిపిస్తోంది. సదానందం చొక్కా బటన్ అటు తిప్పాడు. ఆమె షెల్టర్ వైపే చూస్తూ బ్యాగులోంచి చేయి తీసింది. నొక్కింది.

ఫేస్ దగ్గర నేల లేచింది. ఆ వెంటనే గని వాళ్ల బ్లాస్టింగ్. షెల్టర్ కప్పు నుంచి దుమ్ము రాలింది. అంతే.

"ఒక సప్పుడు ఎక్కువొచ్చింది గద మామా?"

"వచ్చింది. అది సినిమావాళ్లది."

నమ్మకపోయినా చీఫ్ రెండు జీపుల పోలీసులను దగ్గర్లోనే ఉంచాడు. కెమెరాలో ఆమె వేలు స్పష్టంగా పడింది. సంకెళ్లు పడ్డాక కైనాత్ పళ్లు కొరికింది. "ఏ డిక్షనరీ సూసి రాసినవ్ రా?"

"షార్జాల మోసిన పెట్టెలు సూసి."

సాయంత్రం రాజయ్య మొదటి నంబరు పెట్టె తెరిచి, నిజం లెన్స్ కంటికి పెట్టుకుని తన బొజ్జ వైపు వంగి చూసుకున్నాడు. "అరె, ఈ లెన్స్‌ల సగం సన్నగ కనబడుతున్న సదానందం!"

"గది లెన్స్ వరకే సార్. తెర మీదికి వచ్చేసరికి మీ అసలు కొలతే వస్తది."